నర్సరీకి మూడు గొర్లు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, బండ్ల నంబర్ పలకల మీద ఏపీని గీకేసి టీఎస్ అని రంగుతో రాయించుకుంటున్న రోజుల్లో, మా దిక్కు ఊళ్లల్లో పిల్లవాడికి మూడేళ్లు నిండాయంటే ఇంట్లో రెండు ప్రశ్నలు లేచేవి. ఒకటి, ఏ బడి? రెండోది, ఎంత? మొదటిదానికి జవాబు చెప్పడానికి పసుపుపచ్చ బస్సులు ఊరి నడిమధ్యకు వచ్చి హారన్ కొట్టేవి. రెండోదానికి మాత్రం ఎవరూ ఒకేలా జవాబు చెప్పేవారు కాదు. నన్నడిగితే, ప్రైవేటు బడిలో నర్సరీ ఫీజుకు రూపాయల్లో ధర అంటూ ఎప్పుడూ లేదు. కట్టే మనిషి ఏ పని చేస్తాడో ఆ పనిలోనే దాన్ని చెప్పుకోవాలి. మా బాపు జడ్చర్ల మార్కెట్‌లో హమాలీ. నన్ను కాన్వెంటులో వేసినప్పుడు నెల ఫీజు అరవై రూపాయలట. ఆ అంకె ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. "నీ నెల ఫీజుకు రెండు దినాలు పల్లికాయ బస్తాలు మోసిన" అనేవాడు. నాకు మార్కులు తగ్గినప్పుడల్లా ఆ బస్తాలు మళ్లీ ఆయన భుజం మీదికెక్కేవి.

అలా బస్తాల మీద చదువుకుని, డిగ్రీ అయ్యాక బీఎడ్ కూడా చేసి, చివరికి నేను చేరింది ఇంకో కాన్వెంటులోనే. పాలమూరు విడిచి నల్గొండ జిల్లా చిట్యాలకు లెక్కల సారుగా వచ్చాను. జీతం ఐదువేల ఐదువందలు. ఆ బడిలో నర్సరీ పిల్లవాడికి బస్సుతో కలిపి ఏడాదికి పదమూడు వేలు. (అంటే ఆ నర్సరీలో నేను చేరాలనుకుంటే రెండు నెలలకు పైగా తిండి మానేయాలి. లెక్కల సారుని కదా, ఈ లెక్క చేరిన రోజే వేసుకున్నాను.) హైవే పక్కన సిమెంటు దుకాణం మీద చిన్న రూము కిరాయికి తీసుకున్నాను. ఇటు హైదరాబాద్ పోయే బస్సులు, అటు విజయవాడ పోయే బస్సులు నా కిటికీ ముందు నుంచే పోయేవి. వాటి నిండా మనుషులు. వాళ్లలో ఒక్కరికీ నేనక్కడ ఉన్నట్టు తెలియదు.

ఒంటరితనం అంటే ఏమిటో అంతకుముందు నాకు నిజంగా తెలియదు. అమ్మ నా చిన్నప్పుడే పోయినా ఇంట్లో బాపు ఉండేవాడు, వాడకట్టు నిండా పిలిచేవాళ్లు ఉండేవాళ్లు. చిట్యాలలో నాకు పేరే లేకుండా పోయింది. బడిలో "లెక్కల సారు", పై రూములో ఉంటాను గనుక దుకాణం వాళ్లకు "మీది రూము సారు", టిఫిన్ సెంటర్‌లో "రెండు ఇడ్లీ". ఆదివారాలు మరీ అన్యాయం. పొద్దున లేచింది మొదలు ఎవరితోనూ మాట కలిసేది కాదు. సాయంత్రానికి గొంతు ఉందో పోయిందో చూసుకుందామని చాయ్ భాయ్ దుకాణం దాకా నడిచి "ఒక చాయ్, శక్కర్ తక్కువ" అనేవాణ్ణి. (నాకు శక్కర్ ఎక్కువే ఇష్టం. కానీ అలా అంటే ఇంకో రెండు మాటలు మాట్లాడినట్టవుతుంది. "షుగరా సారూ?" అని ఆయన అడిగితే ఇంకో రెండు.) అట్లా చప్పటి చాయ్ తాగుతూ నేనో ఏడాది గడిపాను.

ఎండాకాలం సెలవులు రాగానే జడ్చర్ల పోదామని సంచి సర్దుకుంటుంటే మా కరస్పాండెంట్ సారు అందరినీ మీటింగుకు పిలిచాడు. బడి ఆయనదే, బస్సులు ఆయనవే, మా జీతాలు కూడా చాలావరకు ఆయన జేబులోనే ఉండేవి. "సార్లూ, మేడములూ, పిల్లలకు సెలవులు గని మనకు గావు. ఒక్కొక్కలు అయిదు అడ్మిషన్లు తేవాలె. తెచ్చినోళ్లకు ఎండకాలం జీతం, జూన్‌ల కుర్చీ. తేనోళ్లు వేరే జాగ చూస్కోవచ్చు" అన్నాడు. ఆ తర్వాత అసలు పాఠం మొదలుపెట్టాడు. "ఫీజెంత అంటె పదమూడు వేలు అనకుండ్రి. జనానికి గుండె ఆగుతది. దినానికి నాలుగు చాయ్‌ల పైసలు అని చెప్పుండ్రి. నాలుగు చాయ్‌లు బంద్ జేస్తె మీ పిల్లగాడు ఇంజనీర్ అయితడు అనుండ్రి." మేమంతా తలలూపాం. ఉద్యోగం పోతే బాపుకు ఏం మొహం చూపించాలన్న ఒక్క భయమే ఆ నెలంతా నన్ను ఎండలో నడిపించింది.

నాకు పంచిన ఊరు చిట్యాల నుంచి లోపలికి పోవాలి. టైలు కట్టుకున్న పిల్లల ఫొటోలున్న కరపత్రాలు చంకలో పెట్టుకుని మొదటి ఇంట్లో నాలుగు చాయ్‌ల పాఠం అప్పజెప్పాను. ఆ ఇంటాయన శ్రద్ధగా విని, "మేం దినానికి ఒక్కటే తాగుతం సారూ. గా మిగిలిన మూడు ఎవలు తాగుతున్నరు?" అని అడిగాడు. రెండో ఇంట్లో పత్తి ఏరుకునే అక్క వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, "మూడు నెలలు సేన్ల నడుము వంచాలె, వాడు గా అఆలు నేర్చెటందుకు" అంది. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన రెండు నెలల ఓటీ అన్నాడు. ఫీజు అంకె ఒకటే అయినా గడప గడపకూ అది వేషం మార్చేది. నేను చెప్పవలసిన చాయ్‌ల లెక్క మాత్రం ఎక్కడా కుదరలేదు.

ఊరు దాటినంక ముళ్లకంప వేసిన దొడ్డి, దాని పక్కన రేకుల ఇల్లు కనిపించాయి. అక్కడ ఉండే పెద్దామెను ఊరంతా గొర్లవ్వ అంటారు. కొడుకు మందతో పోతాడు, కోడలు కూలికి పోతుంది, పగలంతా అవ్వ, మూడేళ్లు దాటిన మనుమడు, మందతో పోలేని గొర్రెపిల్లలు ఇంటి దగ్గర ఉంటారు. మనుమణ్ని బుడ్డోడు అని పిలుస్తారు. నేను వెళ్లేసరికి వాడు ఒక గొర్రెపిల్ల మెడ చుట్టూ చేయి వేసి కూర్చున్నాడు. ఇద్దరూ ఒకేలాంటి కళ్లతో నన్ను చూశారు.

"ఎవలు బిడ్డా నువ్వు?"

"చిట్యాల కాన్వెంటు నుంచి వచ్చిన అవ్వా. మీ మనుమన్ని మా బడిల ఏయాలె. ముందుగాల నర్సరీ, ఎన్క ఎల్‌కేజీ, యూకేజీ..."

"కేజీలు మాకెందుకు బిడ్డా? మేం జీవాలను కిలోల లెక్కన అమ్మం. గుత్తకు అమ్ముతం."

"గా కేజీ గాదవ్వా. ఇది చదువు."

"అయ్యో, చదువుకు గూడ కాంటా వచ్చిందా!" అని అవ్వ నిజంగానే ఆశ్చర్యపోయింది. నేను నాలుగు చాయ్‌లు ఎత్తుకోబోతే, "మా ఇంట్ల చాయ్ తాగరు, సల్లనే. మొత్తం ఎంతనో జెప్పు" అంది. చెప్పాను. అవ్వ దొడ్డివైపు ఒకసారి చూసింది. "అంటె మూడు గొర్లు. నర్సరీకే మూడంటె, వీడు పదో తరగతికి వచ్చెతాళ్లకు మందంత మీ బడిలనే మేస్తది గద" అంది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వి ఎన్నాళ్లయిందో, నా నవ్వు నాకే ఎవరిదోలా వినిపించింది. అవ్వ లోపలికి పోయి పెద్ద గిలాసలో మజ్జిగ తెచ్చిచ్చి, నా మొహంలోకి చూసి, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. చిట్యాలకు వచ్చిన తర్వాత ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. తిన్నానని అబద్ధం చెప్పాను.

మరుసటి రోజు నా కాళ్లు వాటంతటవే మళ్లీ అక్కడికి పోయాయి. ఆ మరుసటి రోజూ పోయాయి. కరస్పాండెంట్ సారు "ఏం సారూ, ఎట్ల నడుస్తాంది?" అంటే "ఒక కేసు ఫాలోఅప్‌లో ఉంది సార్" అని గంభీరంగా చెప్పేవాణ్ణి. ఆ ఫాలోఅప్ ఏమిటంటే, దొడ్డి నీడలో కూర్చుని అవ్వ చెప్పేది వినడం, అవ్వ అడిగేదానికి జవాబు చెప్పడం. ఇంటికాడ ఎవలుంటరు, అమ్మ ఎట్ల పోయింది, రూముల ఏం వండుకుంటవు. "వండుకోనవ్వా. ఇడ్లీ. యాదికుంటె అరటిపండు." "గా బడిల నీకు ఎవలున్నరు?" "ఎవ్వరు లేరవ్వా, నేనొక్కన్నే." ఇదంతా ఆమె మామూలుగా అడుగుతోందని, నేను మామూలుగా చెబుతున్నానని అనుకున్నాను. బుడ్డోడు మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా నన్నే చూసేవాడు.

ఇంట్లో వాళ్లు బుడ్డోడి బడి విషయంలో ఒక్క మాట మీద లేరు. కోడలికి బాగా మనసుంది. కరపత్రం మీది ఫొటోను వేలితో తాకుతూ, "వాడు టై గట్టుకొని బస్సెక్కుతుంటె చూడాలని ఉంది సారూ" అనేది. కొడుకు మాత్రం, "అక్షరం రాకముందుకే మూడు జీవాలా? ఊళ్లె బడి లేదా?" అనేవాడు. నెల చివరికొచ్చింది. మా మేడములు అయిదుకు ఆరు తెచ్చేశారు. నా దగ్గర ఒక్కటీ లేదు. ఆ ఇంట్లో ఒక్క మాట గట్టిగా చెబితే పని అయ్యేదే. కానీ ఆ సాయంత్రం మంద ఇంటికొస్తుంటే, వాటిలో ఏ మూడు పోతాయో అని చూస్తూ కూర్చున్న నాకు నోరు మరోలా తిరిగింది. "మీ కొడుకు చెప్పింది గూడ నిజమే అవ్వా. ఊళ్లె సర్కారు బడి మంచిగనే ఉంది. మూడు గొర్లంటె చిన్న మాట గాదు. మంచిగ ఆలోచన జేస్కోండ్రి" అన్నాను. అవ్వ చెంపకు చేయి ఆనించి నన్ను చాలాసేపు చూసింది. "పాపం, తన దుకాణం సరుకు తానే వద్దంటున్నడు" అని కోడలితో అంది. ఇక నా కుర్చీ పోయినట్టేనని రూముకొచ్చి సంచి సర్దుకున్నాను.

బడి తెరిచే ముందురోజు అవ్వ, కొడుకు ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. కొడుకు నడుముకు కట్టుకున్న తువ్వాల విప్పి ఏడాది ఫీజంతా ఒక్కసారే బల్ల మీద పెట్టాడు. బేరం లేదు, వాయిదా లేదు. కరస్పాండెంట్ సారు తన జన్మలో అలాంటి తల్లిదండ్రులను చూడలేదు. ఒక్క అడ్మిషనే అయినా, ఆ రొక్కం పుణ్యాన నా కుర్చీ నాకు దక్కింది. దక్కడమే కాదు, "గీ సారు ఎట్ల జేసిండో అందరు నేర్చుకోవాలె" అని స్టాఫ్‌రూములో నన్ను నిలబెట్టాడు. నేను గొంతు సవరించుకుని, క్యాన్వాసింగ్‌లో మెళకువల మీద చిన్న ఉపన్యాసం దంచాను. ముందు కుటుంబం నమ్మకం గెలుచుకోవాలని, ఆ తర్వాత మన సరుకులో లోపం మనమే చెప్పాలని, అది చాలా లోతైన మనస్తత్వ శాస్త్రమని చెప్పాను. ఇంగ్లీష్ మేడం రెండు ముక్కలు రాసుకుంది కూడా.

తెల్లవారి బడి మొదలైంది. నర్సరీ గదిలో ఏడుపులతో పైకప్పు లేచిపోతోంది. నేను వరండాలో తక్కిన సార్లతో నిలబడి ఉంటే, కొత్త టై కట్టుకున్న బుడ్డోడు నర్సరీ ఆయమ్మ చేయి విడిపించుకుని సూటిగా నా దగ్గరికొచ్చి నా చూపుడువేలు పట్టుకున్నాడు. ఎంత పిలిచినా వదలడు. "అరే, నీ క్లాసు అక్కడ్రా" అంటే తల అడ్డంగా ఊపాడు. గేటు దగ్గర నిలబడ్డ వాళ్ల నాన్న నవ్వుకుంటూ వచ్చాడు. "వాని తప్పు గాదు సారూ. అవ్వ చెప్పి పంపింది" అన్నాడు.

"ఏమని?"

ఆయన తువ్వాలతో మెడ తుడుచుకుని, అందరూ వింటుండగా తాపీగా చెప్పాడు. "కొత్తగ కొనుక్కొచ్చిన గొర్రె ఒంటిగ ఉంటె మేత ముట్టదు సారూ. ఒకటే అరుస్తది, లేకుంటె మూలకు నిలవడ్తది. దానికి మందలకెల్లి ఒక పిల్లను జత కడ్తం. నాలుగు దినాలకు మేత మరుగుతది. మీరు గట్లనే ఉన్నరంట. మేత ముడ్తలేరంట, మా ఇంటికాడికొచ్చి నిలవడ్తున్నరంట. వీని తల్లికేమొ టై పిచ్చి, మా అవ్వకేమొ మీ ఫికర్. ఇద్దరు ఆడోళ్ల నడుమ నా మాట నడుస్తదా? బుడ్డోన్ని మీకు జత పంపుతున్నం. జర మంచిగ తినుండ్రి."

వరండాలో ఎవరు ముందు నవ్వారో నాకు తెలియదు. ఇంగ్లీష్ మేడం కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నేర్పిన లోతైన మనస్తత్వ శాస్త్రం అక్కడే కూలిపోయింది. (ఆ తర్వాత ఆ బడిలో ఉన్నన్నాళ్లూ నన్ను "ఫాలోఅప్ సారు" అనేవాళ్లు. పేరు లేనివాడికి ఏదో ఒక పేరు వచ్చిందని సంతోషించాను.) నవ్వుతూనే మనసులో లెక్క వేసుకున్నాను. ఒక ఇంటివాళ్లు మూడు గొర్లను అమ్మి కొన్నది నర్సరీ కాదు, నాకు తోడు. ఆ లెక్కను నేను ఏ చాయ్‌ల్లోకి మార్చగలను?

మధ్యాహ్నం దాకా వాణ్ని ఎనిమిదో తరగతిలోనే కూర్చోబెట్టుకుని సమీకరణాలు చెప్పాను. వాడు వాటిని నర్సరీ పాఠం కంటే శ్రద్ధగా విన్నాడు. అన్నం గంట కొట్టాక మెట్ల మీద కూర్చున్నాం. వాడు డబ్బా తెరిచి, జొన్నరొట్టెను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క నా చేతిలో పెట్టాడు. "తిను సార్" అన్నాడు. ఏడాది తర్వాత నోట్లో పడిన ఇంటి రొట్టె. పచ్చికారం ఘాటో, ఇంకేమో, నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాడు నమలడం ఆపి నన్ను చూశాడు. రొట్టె అంటిన చేత్తోనే నా మోకాలి మీద తట్టి, వాళ్ల అవ్వ పొద్దున తనకు చెప్పిన ధైర్యాన్ని అట్లాగే నాకు అందించాడు. "ఏడ్వకు సార్. పొద్దుమీకి మీ బాపు వస్తడు."

సాయంత్రం బస్సు వాణ్ని తీసుకుపోయింది. పొద్దుమీకి, అంటే సాయంత్రానికి, మా బాపు ఎందుకొస్తాడు? అయినా గేటు దగ్గర కాసేపు నిలబడి, సిగ్గు విడిచి ఫోను చేశాను. "ఏమైందిరా?" అన్నాడు కంగారుగా, నేను మామూలుగా నెలకొకసారి తప్ప చేయను కాబట్టి. "ఏం గాలే బాపు. ఊకనే." అవతల మార్కెట్ చప్పుడు వినిపిస్తోంది. "గొంతు గట్లుందేంది?" అన్నాడు. "సుద్దముక్క పొడి" అన్నాను.

ఆదివారం పొద్దున తలుపు తీస్తే, చంకలో సంచితో బాపు నిలబడి ఉన్నాడు. రెండు బస్సులు మారి వచ్చాడు. రూమంతా చూసి, స్టవ్వు అంటించి, ఇద్దరికీ అన్నం వండాడు. తిన్నాక గోడకానుకుని కూర్చున్నాం. కిటికీ ముందు నుంచి బస్సులు పోతున్నాయి. ఆ రోజు ఎన్ని పోయాయో నేను చూడలేదు. సోమవారం బుడ్డోడు బస్సు దిగుతూనే, "వచ్చిండా?" అని అడిగాడు. "వచ్చిండు" అన్నాను. "నేను చెప్పలే?" అన్నాడు వాడు, అదేమీ పెద్ద సంగతి కాదన్నట్టు. ఆ రోజు నుంచి తనంతట తానే నర్సరీ గదికి పోయాడు.

మరుసటేడు వాణ్ని ఊళ్లో సర్కారు బడిలోనే వేశారు. "నువ్వు మేత మరిగినవ్ గద బిడ్డా, ఇగ పిల్లను ఇడిపిస్తం" అని అవ్వ నాతో చెప్పే మాన్పించింది. కోడలు ఆ టైని మాత్రం ఇంట్లోనే ఉంచుకుంది. తర్వాత నాకూ సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, నల్గొండలో కాపురం. ఈ జూన్‌లో మా పాపను నర్సరీలో చేర్పించాం. (సర్కారు బడి సారు బిడ్డ ప్రైవేటు బడిలో ఏంటని మీరు అడగకముందే చెబుతున్నాను, ఇంట్లో నా మాటా నడవలేదు.) ఫీజు విని, అది ఆనాటి నా జీతంలో ఏడు నెలలకు పైనే అని మనసులో తేల్చుకుని, నోరు మూసుకుని కట్టేశాను.

మొదటి రోజు గేటు దగ్గర అందరి పిల్లలూ ఏడుస్తున్నారు. మా పాప ఏడవలేదు. నా చేయి విడిపించుకుని, వెనక్కి తిరగకుండా లోపలికి పోయింది. మా ఆవిడ స్కూటీ తిప్పుకుని ఆఫీసుకు వెళ్లిపోయింది. తల్లిదండ్రులంతా వెళ్లాక గేటు మూశారు. నేనొక్కణ్నే మిగిలాను. మా బాపు పోయి అప్పటికి రెండేళ్లు. అక్కడ నిలబడి, నాకు తెలియకుండానే గట్టిగా అనేశాను, "ఏడ్వకు, పొద్దుమీకి బాపు వస్తడు" అని. గేటు లోపలి వాచ్‌మన్ అటూ ఇటూ చూసి, "ఎవలతోని మాట్లాడుతున్నరు సార్?" అన్నాడు. పాప నన్ను డాడీ అంటుంది, మా ఇంట్లో బాపు అని పిలిచింది నేనొక్కణ్నే. నవ్వేసి, బండి తీశాను.